మా బస్తీ దవాఖానా: ఏడాదిన్నర మాత్రలు మింగాక రాస్తున్న రివ్యూ

మా బస్తీలో సర్కారు నడిపే ఈ చిన్న ఉచిత క్లినిక్‌కు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. కోసేసిన ఆ ఒక్క స్టార్ గురించే ఇంత రాయాల్సి వస్తోంది. అందులో సగం తప్పు నాది కాబట్టి.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు 51 ఏళ్ళు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పిల్లలు ఉండే గల్లీలో 14 ఏళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పొద్దున పదకొండున్నర నుంచి మూడు దాకా, మళ్ళీ రాత్రి ఏడు నుంచి పదిన్నర దాకా. పప్పు, రెండు వేపుళ్ళు, ఒక గ్రేవీ కూర, సాంబారు, రసం. ఆదివారం చికెన్. ఇల్లు మాత్రం వేరే బస్తీలో. ఏ బస్తీయో రాయను. అక్కడ పనిచేసే నర్సు పిల్ల చాలా మంచిది, నా రాతల వల్ల ఆమె ఉద్యోగం మీదకు ఏమీ రాకూడదు.

2024 ఏప్రిల్‌లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. 30 దాటిన వాళ్ళందరికీ ఫారం నింపాలంది. పొగాకు ఉందా, మందు ఉందా, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగింది. టేపు తీసి నడుము కొలిచింది. 96 సెంటీమీటర్లు. "వ్యాయామం చేస్తవా?" అంది. రోజుకు పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడతానమ్మా అన్నాను. అది లెక్కలోకి రాదట. వయసుకు 2, నడుముకు 2, వ్యాయామం లేనందుకు 1, మా నాయనకు షుగర్ ఉన్నందుకు 2. "నాలుగు దాటితే దవాఖానకు పోవాలె అక్కా, నీది ఏడొచ్చింది" అని చెప్పి పక్కింటికి వెళ్ళిపోయింది. నా జన్మలో పాస్ మార్కులు దాటింది అదొక్కసారే అని మా ఆయన జోకు.

అలా వెళ్ళాను. 2018లో ఈ బస్తీ దవాఖానాలు మొదలైనప్పటి నుంచి మా ఇంటి గల్లీ చివరే ఉన్నా నేను అడుగుపెట్టలేదు. సర్కారు దవాఖాన అంటే ఉస్మానియా, గాంధీ అనే మనసులో ఉండిపోయింది. చీటీ కోసం క్యూ, బల్ల కోసం క్యూ, ఎవరినో తెలిసినవాళ్ళను పట్టుకోవడం. ఇది అలా లేదు. కమ్యూనిటీ హాలులో రెండు గదులు. ఒక డాక్టరమ్మ, ఒక నర్సు, ఒక ఆయమ్మ, అంతే. బయట ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, అందులో ఒకటి కాలు విరిగింది (ఇప్పటికీ అక్కడే ఉంది, కొత్తవాళ్ళు జాగ్రత్త). ఆధార్ కార్డు, ఫోన్ నంబరు రాసుకున్నారు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 312. బీపీ కూడా ఎక్కువే.

మర్నాడు పరగడుపున రమ్మని రక్తం తీశారు. ఆ గొట్టాలు బండిలో నారాయణగూడలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పోతాయట. తర్వాతి రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. హెచ్‌బీఏ1సీ 9.4. అంటే మూడు నెలల షుగర్ చిట్టా అన్నమాట. పొద్దున ఒక్కపూట ఉపవాసం ఉండి దాన్ని మోసం చేయలేం. 6.5 దాటితే షుగర్ ఉన్నట్టు, మందుల్లో ఉన్నవాళ్ళకు మామూలుగా 7 లోపు ఉండాలని చూస్తారు. కిడ్నీ పరీక్ష, కొలెస్ట్రాల్, మూత్రం, అన్నీ చేశారు. ఖర్చు సున్నా. ఇవే పరీక్షలు మా తమ్ముడు ఒక ప్రైవేటు సెంటర్‌లో చేయించుకుంటే 3,200 అయ్యింది. దానికి తోడు షుగర్ పేషెంట్ల పౌడర్ డబ్బా ఒకటి అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే పిల్లల పాలపొడి వాసన.

మందులు కూడా ఫ్రీనే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, తర్వాత గ్లిమిపిరైడ్ కలిపారు, బీపీకి టెల్మిసార్టన్. ఒకేసారి నెలకు సరిపడా ఇస్తారు. మొదట్లో ఒక సంచి ఇచ్చారు, అందులో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు అరలు. చదువురాని మా అత్తమ్మ కూడా తన బీపీ మాత్రలు తనే వేసుకుంటోంది, ఆ సంచి పుణ్యమా అని. కంటి నరాలు చూపించుకోమని సరోజినీ దేవి కంటి దవాఖానాకు చీటీ కూడా రాసిచ్చారు. వెళ్ళాను, చూశారు, ఇప్పటికి బాగానే ఉన్నాయి.

ఇంతవరకు అయిదు స్టార్లు. ఇకనుంచి కోతలు.

మొదటిది టైమింగ్స్. తొమ్మిది నుంచి నాలుగు. కూలి పనికి పోయేవాళ్ళు, ఇళ్ళల్లో పాచిపనికి పోయేవాళ్ళు, నాలాంటి పొయ్యి దగ్గరవాళ్ళు ఎప్పుడు పోవాలి? తొమ్మిదింటికి నా వంకాయలు మూకుట్లో ఉంటాయి. నేను వెళ్ళిన రోజు మా ఆయన వేపుడు చేస్తాడు, ఆ రోజు కస్టమర్లు "ఆంటీ లేదా?" అని అడిగి మరీ వెళ్తారు. సాయంత్రం ఎనిమిది దాకా ఒక్కరోజైనా తెరిస్తే ఎంతమందికి పూటకూలి మిగులుతుందో.

రెండోది, ఒక నెల గ్లిమిపిరైడ్ లేదు, ఇంకో రెండు వారాలు షుగర్ చూసే స్ట్రిప్పులు లేవు. "పైనుంచి రాలేదమ్మా" అన్నారు. బయట కొనుక్కున్నాను. నేను కొనగలిగాను కాబట్టి సరిపోయింది. నా వెనక కూర్చున్న ముసలాయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన కొన్నాడని నేననుకోను.

మూడోది తిండి. అసలు కథ ఇదే.

మొదటి రోజు డాక్టరమ్మ చెప్పింది: "రైస్ తగ్గించండమ్మా, ఆయిల్ తగ్గించండి, స్వీట్లు మానేయండి, రోజూ అరగంట వాకింగ్. ముఖ్యంగా బయట ఫుడ్ అస్సలు తినొద్దు."

"మేడం, నేనే బయట ఫుడ్డు" అన్నాను.

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది, కానీ అప్పటికే వెనక పిల్లాడిని ఎత్తుకుని ఒకామె లోపలికి వచ్చేసింది. ఒక్క పూటలో అరవై డెబ్బై మందిని చూసే మనిషి నా వంటగది గురించి ఎంతసేపు మాట్లాడుతుంది? నాకు దొరికింది నిమిషం లోపే. గోడ మీద డైట్ పోస్టర్ ఉంది, దానిమీద ఓట్స్ గిన్నె, బ్రోకలీ, స్ట్రాబెర్రీలు. మా బస్తీలో బ్రోకలీ తిన్న మనిషి నాకు తెలిసి లేడు. ఆ పోస్టర్ చూస్తే ఆరోగ్యం అనేది జూబ్లీహిల్స్‌లో అమ్ముతారేమో అనిపిస్తుంది. అక్కడ ఒక జొన్న రొట్టె, గోంగూర పప్పు, ఉడికిన గుడ్డు బొమ్మ వేస్తే ఏం పోయింది?

మూడు నెలలకు 8.0 వచ్చింది. సంతోషించాను. తర్వాత బతుకమ్మ వచ్చింది. మలీద ముద్దలు, సత్తుపిండి, ఆ తర్వాత దసరా, దీపావళి. నవంబరులో 8.6. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి "మందులు మేమిస్తాం, నోరు మాత్రం మీదే కదమ్మా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండు రోజులు కోపంగా తిరిగాను. తప్పు అనలేను. అలాగని మొత్తం ఒప్పు అని కూడా అనలేను.

మాది నారాయణఖేడ్ వైపు. చిన్నప్పుడు మా ఇంట్లో జొన్న రొట్టె, జొన్న గటక. తెల్లబువ్వ పండుగకే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కంట్రోల్ షాపు నుంచి మా అమ్మ మొదటి సంచి తెచ్చిన రోజు ఇంట్లో పండుగే. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు, ఆ బియ్యాన్ని నేను ఒక్క మాట అనను. కానీ మా ఇంట్లో జొన్న గంప ఖాళీ అయ్యింది కూడా అప్పుడే. ఇప్పుడు మా రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఫ్రీ. అంటే రోజుకు 200 గ్రాములు. కందిపప్పు మాత్రం నేను కొనాలి, కూరగాయలు నేను కొనాలి. ఒక కౌంటర్‌లో సంచి నిండా బియ్యం ఇచ్చి, ఇంకో కౌంటర్‌లో అన్నం తగ్గించమంటే, ఆ రెండు కౌంటర్ల వాళ్ళూ ఒకసారి కూర్చుని చాయ్ తాగితే బాగుండు అనిపించింది.

సరే, ఇదంతా సర్కారు మీద కోపం. నా మీద నాకు కోపం తెప్పించింది ఆ నర్సు పిల్ల.

నవంబరులో మందులు ఇస్తూ అడిగింది. "అక్కా, నిజం చెప్పు, ఏం తింటున్నవ్?"

రెండు ఇడ్లీ పొద్దున, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి రెండు పుల్కాలు అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. "గట్ల తింటే నీకు ఎనిమిదెందుకొస్తది? మధ్యాహ్నం ఎన్నింటికి తింటవ్? ఎందులో తింటవ్?" అంది.

ఎందులో తింటావ్ అని నన్ను ఎవరూ అడగలేదు అంతవరకు. మూడున్నరకు షట్టర్ సగం దించాక నేను పళ్ళెం పెట్టుకోను. వంకాయ వేపుడు చేసిన మూకుడు ఉంటుంది. అడుగున నల్లగా అంటుకున్న వెల్లుల్లి కారం, అంచుల్లో మిగిలిన నూనె. అందులో వేడి అన్నం రెండు గరిటెలు వేసి, చేత్తో మూకుడంతా తుడిచి కలుపుకుంటే ఆ రుచి ఏ కూరకూ రాదు. వంట చేసే ప్రతి ఆడదానికీ తెలుసు ఆ ముద్ద. నా గరిటె షాపు గరిటె. ఇంటి గరిటె కాదు. రెండు గరిటెలంటే ఇంట్లో ఇద్దరి అన్నం. నేను లెక్కలో చెప్పే "కొంచెం అన్నం" అదే. రాత్రి పుల్కాల మాట నిజమే, కానీ పదిన్నరకు మిగిలిన గుత్తి వంకాయ, ఆలూ ఫ్రై పారేయలేక ఆ రెండు పుల్కాలతో ఎంత కూర లాగిస్తానో చెప్పలేదు.

అదంతా విని నర్సు తల కొట్టుకుంది. "ఆ మూకుడే అక్కా నీ షుగరు. ముందు దాంట్ల నీళ్ళు పొయ్యి, తర్వాత అన్నం తిను." ఇంకేం చెప్పలేదు. ఓట్స్ లేదు, బ్రోకలీ లేదు. ఆ ఒక్క మాటకు ఆ పిల్లకు విడిగా అయిదు స్టార్లు ఇస్తున్నాను. వెడల్పు పళ్ళెంలో అన్నం చల్లార్చి, ఇంటి గరిటెతో ఒకటిన్నర కొలిచి, పక్కన పప్పు, ఆకుకూర ఎక్కువ పెట్టుకుని తినమని కూడా తర్వాత నెల ఆమే చెప్పింది. మొదటి వారం ఏడుపొచ్చింది. మూకుట్లో నీళ్ళు పోస్తుంటే చుయ్‌మని శబ్దం, ఆ వాసన, నేను పక్కకు తిరిగి నిలబడేదాన్ని.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. నా దగ్గర రోజూ కూర కొనే గ్రూప్స్ పిల్లాడు ఒకడు ఫోన్ చూస్తూ, "ఆంటీ, ఇది బిట్ రావొచ్చు" అని చదివాడు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో మనవాళ్ళు ఏం తినాలో పుస్తకం వేసిందట. రోజుకు ఒక మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పాలు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు.

"27 గ్రాములా? ఒక కూరకా?" అన్నాను.

"రోజుకు ఆంటీ. అన్నీ కలిపి."

నాకు చెమట పట్టింది. నా షాపులో 15 కిలోల టిన్ను రెండు రోజులు వస్తుంది. రోజుకు ఏడున్నర కిలోలు. రోజుకు అటూ ఇటూగా 300 ప్యాకెట్లు. ఆ పిల్లాడే ఫోన్‌లో భాగించాడు: ప్యాకెట్‌కు 25 గ్రాములు. మూకుట్లో మిగిలింది తీసేసినా 20కి తగ్గదు. వాడు నా దగ్గర మధ్యాహ్నం రెండు ప్యాకెట్లు, రాత్రి ఒకటి కొంటాడు. అంటే రెండు రోజులకు పైబడిన నూనె ఒక్క రోజులో. వాడు నవ్వాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. మా పెద్దోడి వయసే వాడిది. డాక్టరమ్మ నన్ను అన్న మాటను నేను నా కౌంటర్ మీద నుంచి ఇన్నేళ్ళుగా ఇంతమందికి అన్నం పొట్లంతో సహా చుట్టి ఇస్తున్నాను. వాళ్ళ నోరు వాళ్ళదే కావొచ్చు, నూనె పోసేది మాత్రం నా చెయ్యే కదా.

ఇంకో నిజం కూడా రాసేస్తాను. అప్పడాలు వేయించిన నూనె మర్నాడు తాలింపులోకి వెళ్ళేది. ఈ ధందాలో చాలామంది చేసేదే. వేయించి వేయించి నూనె పాడైతే అందులో పుట్టే పోలార్ కాంపౌండ్లు అనేవి 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 నుంచి రూల్ ఉంది. దాన్ని కొలిచే మిషన్ నా దగ్గర లేదు. నురగ రావడం, రంగు నలుపు తిరగడం చూసి పారేసేదాన్ని, అది కూడా మనసు రాక. ఇప్పుడు అప్పడాలు మానేసి వడియాలు కాల్చి పెడుతున్నాను. ఒకరిద్దరు తిట్టారు.

నూనె తగ్గించడం అంత ఈజీ కాదు. పైన నూనె తేలితేనే కూర అనుకుంటారు జనం. మొదట్లో బీరకాయ పాలకూర, సొరకాయ శనగపప్పు తక్కువ నూనెతో చేసి ఒక ట్రే పెడితే, "ఏంటాంటీ, గ్రేవీ తేలట్లేదు, నిన్నటిదా?" అన్నారు. నాలుగు రోజులు ట్రే అలాగే ఇంటికి పోయింది. పోయింది అంటే నేను తిన్నాను, ఇంకెక్కడికి పోతుంది. తర్వాత ట్రే పక్కన చీటీ పెట్టాను, "నూనె తక్కువ" అని. అమ్మలేదు. "ఇంటి కూర" అని మార్చాను. అమ్ముడైంది! హాస్టల్ పిల్లలకు ఇల్లు అంటే చాలు. ఇప్పుడు రెండు ట్రేలు అలాంటివే. టిన్ను రెండు రోజుల బదులు మూడు రోజులకు దగ్గరగా వస్తోంది. ఆ మిగిలిన డబ్బు ఎర్రగడ్డ రైతుబజారులో ఆకుకూరలకు పోతోంది, అది వేరే సంగతి.

నా నంబర్లు: 2025 ఫిబ్రవరిలో 7.8, మేలో 7.4, సెప్టెంబరులో 7.1. మాత్రలు అవే. డాక్టరమ్మ "గుడ్, ఏం చేశారు?" అని అడిగింది. చెబుదామని నోరు తెరిచేలోపు వెనక మళ్ళీ ఎవరో వచ్చారు.

అందుకే ఆ ఒక్క స్టార్ కోశాను. నర్సు పిల్ల వేసిన ప్రశ్న అక్కడి పనిలో భాగం కాదు. ఆమె ఓపిక బాగుండి అడిగింది. ఆమె బదిలీ అయితే ఆ ప్రశ్న కూడా ఆమెతోనే పోతుంది. వారానికి ఒక్క పూట తిండి గురించి మాట్లాడే మనిషిని కూర్చోబెట్టి, "ఎందులో తింటవ్, ఎన్నింటికి తింటవ్, వండేదెవరు" అని అడిగిస్తే చాలు. అవతల ఆరోగ్యశ్రీ కింద పెద్ద ఆపరేషన్లకు కుటుంబానికి 10 లక్షల దాకా ఉంది. షుగర్ ముదిరి కాలు తీసేసే దాకా రాకముందు ఒక గరిటె కొలిచే మనిషి జీతం దాంట్లో ఎంతని?

వెళ్ళేవాళ్ళకు నాలుగు ముక్కలు. తొమ్మిదింపావు లోపు వెళ్ళండి, పదకొండయితే ఎండలో నిలబడాలి. ల్యాబు మెసేజ్ వచ్చే ఫోన్ మీ చేతిలో ఉండేదే ఇవ్వండి. మా పక్కింటావిడ కొడుకు నంబరిచ్చింది, వాడు చూసుకోనే లేదు. మందులు అయిపోవడానికి అయిదు రోజుల ముందే వెళ్ళండి, లేవంటే తిరగడానికి టైం ఉంటుంది. పాదాలు చూడమని మీరే అడగండి, అడిగితే చూస్తారు. అబద్ధం మాత్రం చెప్పకండి, ఆ ల్యాబు చిట్టా ఎలాగూ చెప్పేస్తుంది.

డిసెంబరు రెండో వారంలో మళ్ళీ రక్తం ఇవ్వాలి. మధ్యలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఉంది. వంటలు నాకే అప్పజెప్పారు, 400 మందికి. పెద్ద మూకుడు అద్దెకు తెస్తున్నారు.